కొత్త దీవికి రెండేళ్ల గడువు

పోయిన వారం మనం ఈత టీచర్ని ఆటల కంపెనీ హాలు గుమ్మంలో వదిలేసి వచ్చాం. లోపలికి అడుగు వేయాలో, వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాలో తేల్చుకోలేక, మెడలో వేసుకోమని ఇచ్చిన అట్టబిళ్లను చేతిలోనే నలుపుతూ నిలబడిపోయిందావిడ. నలపదా మరి! ఆ బిళ్ల మీద ఉన్నది ఆవిడ అసలు పేరు కాదు. "గొడుగత్త" అని పెద్దక్షరాలతో ఉంది.

'దీవుల లోకం' అనే ఆన్‌లైన్ ఆటలో అందరూ కత్తులూ బల్లేలూ పట్టుకు తిరుగుతుంటే, గొడుగు పట్టుకు తిరిగే మనిషి ఆవిడొక్కతే. కొత్తగా వచ్చి దిక్కూమొక్కూ తెలియక తచ్చాడేవాళ్లను చేరదీసి, ఈత కొలనులో పిల్లల్ని అదిలించినట్టే అదిలించి, ఆట నేర్పి తన జట్టులో కలుపుకుంది. చూస్తుండగానే ఆ జట్టు కొండంత అయింది. అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. ఆ ఆటను తయారుచేసే బృందానికి పెద్ద మరెవరో కాదు, ఆవిడ కన్నకూతురు. ఈ గొడుగత్త తన తల్లేనని ఆ పిల్లకు ఇప్పటిదాకా తెలియదు.

దాచాలని దాచింది కాదు. మోకాలి ఆపరేషనై మంచం దిగలేని రోజుల్లో, కూతురు పొద్దస్తమానం చేసే పని ఎలా ఉంటుందో తన కళ్లతో తానే చూద్దామనుకుంది. చెబితే ఆ పిల్ల పక్కనే కూర్చుని పాఠం చెప్పినట్టు చెప్పుకుపోతుందని చెప్పలేదు. చూస్తూ చూస్తూ ఆడింది, ఆడుతూ ఆడుతూ జట్టు కట్టింది. తీరా చెబుదామనుకునే వేళకు ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూతురు, "ఆ గొడుగత్త ఉందే అమ్మా, నా ప్రాణం తోడేస్తోందనుకో. రాయి కింద చీమ ఉన్నా వదలదు, ఇదెందుకిలా ఉందని నిలదీస్తుంది" అని మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఆ మాట విన్న ప్రతిసారీ, గుట్టు తెలిసిన తండ్రికి నీళ్లు పొలమారేవి.

ఇప్పుడా గుట్టు రట్టయ్యే రోజు వచ్చింది. ఇన్నాళ్లూ ఏడాదికొక కొత్త దీవి ఆటలో చేరేది. కొత్త దీవి అంటే కొత్త ఊళ్లు, కొత్త కథ, కొత్త సాహసాలు. ఇకమీదట రెండేళ్లకొకటే వస్తుందని కంపెనీ ప్రకటించగానే ఆటగాళ్ల లోకం రెండుగా చీలిపోయింది. ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి విందామని కంపెనీవాళ్లు ఈ సభ పెట్టారు. వేదిక మీద జవాబు చెప్పవలసింది కూతురు. కింద నిలబడి అడగవలసింది తల్లి.

"జరగండమ్మా, గుమ్మానికి అడ్డంగా నిలబడితే ఎలా?" అని వెనక నుంచి ఎవరో గదమాయించారు.

ఆవిడ ఉలిక్కిపడి పక్కకు తప్పుకోబోయింది. ఆ గదమాయించిన భారీ మనిషి చూపు అట్టబిళ్ల మీద పడింది. కళ్లు చక్రాలయ్యాయి.

"అత్తా! నువ్వేనా? నేను బండన్నని! లారీ బండన్నని! నువ్వింత పొట్టిగా ఉంటావనుకోలేదే!"

జట్టులో అందరికన్నా ముందు దూకేవాడు, అందరికన్నా ఎక్కువ నోరు పారేసుకునేవాడు బండన్న. సరుకు దించే చోట లారీ ఆపుకుని, ఫోనులో ఆడతాడు. ఏళ్ల తరబడి పక్కపక్కన నడిచిన ఇద్దరూ మొదటిసారి ఎదురుపడ్డారు.

"నువ్వింత లావుగా ఉంటావని మాత్రం నేననుకున్నాను. పద, ముందు నడువు. నీ వెనక దాక్కుని వస్తాను," అందావిడ.

దాక్కోవడమేమిటో అతనికి అర్థం కాలేదు. అయినా అత్త మాట జవదాటే అలవాటు లేదు కనుక ముందు నడిచాడు.

హాల్లో కొత్త తివాచీ వాసన. ఏసీ చలికి చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుంటున్నారు జనం. వేదిక మీద పొడవాటి బల్ల, దాని వెనక కంపెనీ యజమాని, ఆయన పక్కన నీలం కోటులో కూతురు. ఈత టీచరు స్తంభం చాటు కుర్చీ చూసుకుని, ముందు వరసలోని బండన్న భుజం పక్కనుంచి తొంగి చూసింది. పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు పిల్ల సరిగా తినలేదు. ఇప్పుడు మాత్రం వెన్ను నిటారుగా పెట్టి, ఎవరు మాట్లాడితే వాళ్ల వైపే చూస్తూ కూర్చుంది. చూస్తుంటే తల్లికి తెలియకుండానే తన వెన్ను కూడా నిటారయింది.

మాటలు జోరందుకున్నాయి.

ముందుగా ఒక పళ్ల డాక్టరమ్మ లేచింది. "ఏటా ఒక దీవి కావాలని గోల చేసేవాళ్లకి ఒక దణ్ణం. నాకు ఇంట్లో చంటిపిల్ల ఉంది. పోయిన దీవిలో నేనింకా రేవు దాటలేదు. మీరు పెట్టే పరుగుకి నాలాంటివాళ్లం వెనకపడి వెనకపడి, చివరికి సిగ్గేసి మానేస్తున్నాం. రెండేళ్లు కాదు, మూడేళ్లు తీసుకోండి."

"మీరు వెనకబడితే మేమెందుకండీ ఆగాలి?" అని అటువైపు నుంచి ఒక కాలేజీ కుర్రాడు అందుకున్నాడు. "ఉన్న దీవిని నేను నెల తిరక్కుండా అవగొట్టేశాను. మిగతా రోజులు ఏం చెయ్యమంటారు, అలలు లెక్కపెట్టుకోనా?"

"చదువుకో నాయనా!" అని ఎవరో అరిచేసరికి హాలంతా ఘొల్లుమంది.

నవ్వులు పూర్తిగా ఆగకముందే బండన్న లేచాడు. "మేం రోడ్ల మీద బతికేవాళ్లం. మాకు ఇల్లూ, అరుగూ, స్నేహితులూ అన్నీ ఈ ఆటే. రెండేళ్లంటే మాటలా? అయినా నాకు మాట్లాడటం రాదు. మా అత్త మాట్లాడుతుంది. గొడుగత్త! లే అత్తా!"

గొడుగత్త అన్న పేరు వినబడగానే హాల్లో గుసగుసలు రేగాయి. కుర్చీలు కిర్రుమన్నాయి. మెడలన్నీ ఇటు తిరిగాయి. ఆ పేరు ఎరగనివాళ్లు అక్కడ లేరు, ఆ మనిషి ముఖం ఎరిగినవాళ్లూ లేరు. వేదిక మీద కూతురు కూడా కుర్చీలో ముందుకు వంగింది. ఇన్నాళ్లూ తనను నిద్రపోనివ్వని ఆ మనిషిని చూడాలని ఆ పిల్లకు మాత్రం ఉండదా?

ఈత టీచరు స్తంభం చాటు నుంచి బయటికి వచ్చింది. మోకాలు కాస్త మొరాయించింది. మైకు దాకా నడిచి తలెత్తింది.

తల్లీ కూతుళ్ల చూపులు కలిశాయి.

కూతురి నోరు కొద్దిగా తెరుచుకుంది. కళ్లజోడు తీసింది. కోటు అంచుతో తుడిచింది. మళ్లీ పెట్టుకుని చూసింది. అద్దాలు తుడిస్తే మారిపోయే ముఖమా అది? భోజనాల బల్ల దగ్గర తను తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చినట్టున్నాయి, చెవులు ఎర్రబడ్డాయి.  ఇప్పుడీ పిల్ల ఏం చేస్తుంది? లేచి వెళ్లిపోతుందా? ఏడుస్తుందా? అందరి ముందూ నిలదీస్తుందా?

పిల్ల ఒక్క గుక్క నీళ్లు తాగింది. మైకు దగ్గరికి లాక్కుంది.

"చెప్పండి గొడుగత్తగారూ. మీ మాట కోసమే చూస్తున్నాం," అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తల్లిని "మీరు" అనడం అదే మొదటిసారి. ఆ ఒక్క మాటతో ఈత టీచరుకు దారి దొరికింది. ఇక్కడ తను తల్లీ కాదు, ఎదురుగా ఉన్నది కూతురూ కాదు. సరే, అలాగే కానిమ్మనుకుంది. బిడ్డ కదా అని మాట మెత్తబరిస్తే, తనను నమ్మి పంపిన జట్టుకూ అన్యాయమే, ఆ కుర్చీలో కూర్చున్న పిల్లకూ అవమానమే.

"మీరు మాకు రెండేళ్లు ఆగమంటున్నారు," అని మొదలుపెట్టింది. కొలను ఆ గట్టు నుంచి ఈ గట్టుకు వినబడే గొంతు. మైకు అవసరమే లేకపోయింది. "మేం దీవి కోసం వస్తున్నామని మీరనుకుంటున్నారు. కాదండీ. మేం ఒకళ్లకోసం ఒకళ్లం వస్తున్నాం. దీవి ఒక సాకు. కాని ఆ సాకు లేకపోతే మనుషులు రారు. మా జట్టులో గడియారాలు బాగుచేసే మావయ్య ఒకాయన ఉండేవారు. భార్య పోయిన మనిషి. సాయంత్రమయ్యేసరికి ఆటలోని దీపస్తంభం మెట్ల మీద మా కోసం కూర్చునేవారు. ఆమధ్య ఒకసారి మీ దీవి ఆలస్యమైంది, గుర్తుందా? చెయ్యడానికి పనేం లేదని ఒక్కొక్కరూ రావడం తగ్గించారు. ఆయనొక్కరే వచ్చేవారట. తీరా దీవి వచ్చి మేమంతా పొలోమని దిగేసరికి, మెట్ల మీద ఆయన లేరు. మళ్లీ రాలేదు. ఆయన పేరు తెలీదు, ఊరు తెలీదు. ఉన్నారో లేదో కూడా తెలీదు. ఎవర్నడగాలి మేం?"

బండన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"మీరు రెండేళ్లు పని చేసుకుంటారు. బాగుంది. ఆ రెండేళ్లూ మా మనుషులు చెదిరిపోకుండా ఎవరు చూస్తారు? మీ లెక్కల్లో అది ఉందా? ఉంటే చెప్పండి, కూర్చుంటాను. లేకపోతే ఏడాదికొక దీవి ఇవ్వండి, చిన్నదైనా సరే."

చప్పట్లు మోగాయి. వాటిని ఆగనిచ్చి కూతురు లేచి నిలబడింది.

"లేదు," అంది. "మా లెక్కల్లో అది లేదు. మావయ్యగారి సంగతి మాకు తెలియదు. తెలియాల్సింది."

ఇలా ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోలేదు. యజమాని కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"ఇప్పుడు నేనొకటి అడుగుతాను. పోయిన దీవిలో రేవు వెనక సందు ఉంది. రంగురంగుల తలుపులు. చూశారు కదా? ఎవరైనా ఒక్క తలుపు తీయగలిగారా?"

తలలు అడ్డంగా ఊగాయి. ఈత టీచరుకూ బాగా గుర్తు. ఆకుపచ్చ తలుపును గొడుగు కొసతో ఎన్నిసార్లు తట్టిందో.

"తీయలేరు. ఎందుకంటే అవి తలుపులు కావు. వాటి వెనక ఇళ్లు కట్టడానికి మాకు టైం చాల్లేదు. గోడ మీద తలుపు బొమ్మ గీసి అతికించేశాం. ఏడాదికొక దీవి అంటే ఇదే. మీరు ఇప్పటికీ వెళ్లి ఆ తలుపులు తడుతున్నారు. తట్టిన ప్రతిసారీ మాకు ఇక్కడ తెరమీద తెలుస్తుంది. మా బృందంలో ఆ సందు గీసిన అమ్మాయి అది చూడలేక తెర ఆపేస్తుంది." ఆమె ఒక్క క్షణం ఆగింది. "కొత్త దీవిలో ప్రతి తలుపూ తెరుచుకుంటుంది. లోపల ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషికి చెప్పుకోవడానికి ఏదో ఉంటుంది. అది చెయ్యాలంటే రెండేళ్లు పడుతుంది. నన్ను తిట్టండి, పడతాను. గొడుగత్తగారు అడిగింది న్యాయం. ఎదురుచూసే రోజుల్లో మీరు కలుసుకోవడానికి ఏదో ఒకటి ఏర్పాటు చేస్తాం, అది నా పూచీ. కాని చిన్న దీవి అన్నారే, అది ఇవ్వను. తలుపు బొమ్మ ఇక గీయను."

ఈతలో ఈ టీచరు చేతికింద పెరిగినవాళ్లు ఎందరో గెలిచారు. పతకాలు తెచ్చి ఆవిడ మెడలో వేసి మురిసిపోయిన పిల్లలున్నారు. కాని ఇంత నిండుగా ఎప్పుడూ అనిపించలేదు. తన వాదాన్ని తన కూతురు ఎదుర్కొంది. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని, వదలకూడని చోట పట్టు వదలకుండా నిలబడింది. నిన్నగాక మొన్న మెట్లు దిగడానికి చెయ్యి పట్టుకోమన్న పిల్ల! పక్కనున్న మనిషిని పట్టుకుని, "అది నా కూతురండీ" అని చెప్పేద్దామన్నంత ఉబలాటం పుట్టుకొచ్చింది. పంటి బిగువున ఆపుకుంది.

"కలుసుకునే ఏర్పాటు చేస్తే నా కోపం సగం తగ్గుతుంది," అంది మైకులో. "మిగతా సగం ఉంటుంది."

"ఉండనివ్వండి," అంది కూతురు. "మీ కోపం లేకపోతే మాకూ తోచదు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో సభ సగం సద్దుమణిగినట్టే అయింది. అదుగో, అప్పుడు లేచాడు యజమాని.

మనిషి నున్నగా ఉంటాడు, మాట అంతకంటే నున్నన. "గొడుగత్తగారి మాట విని నా కళ్లు చెమర్చాయి," అన్నాడు, చెమర్చిన జాడేమీ లేకుండానే. "ఆటగాళ్లు చెదిరిపోతున్నారని ఆవిడ బాధపడ్డారు. ఏడాదికొకటి ఇవ్వండి, చిన్నదైనా సరే అన్నారు. అందుకే ఇప్పటికిప్పుడు నిర్ణయం తీసుకుంటున్నాను. రెండేళ్ల మాట రద్దు. కొత్త దీవి నాలుగు నెలల్లో వచ్చేస్తుంది! ఇది గొడుగత్తగారి విజయం!"

కాలేజీ కుర్రాడి వైపు నుంచి ఈలలు లేచాయి. కొందరు కుర్చీలెక్కారు. వేదిక మీద కూతురి ముఖంలో రక్తం లేదు. బల్ల అంచును రెండు చేతులా పట్టుకుంది. తన నోటి మాటనే కత్తిగా చేసి ఈ పెద్దమనిషి తన బిడ్డ పని మీద వేటు వేశాడని ఈత టీచరుకు అర్థమయ్యేసరికి ఒళ్లు భగ్గుమంది.

"ఆగండి!" అంది.

ఆ గొంతుకు ఈలలు ఆగిపోయాయి.

"నా మాటలో మీకు కావలసిన ముక్క తుంచుకుని, మిగతాది అవతల పారేశారు. నేనడిగింది మా మనుషులు చెదరకుండా చూడమని. ఈవిడ చేతులు కట్టేయమని కాదు. చిన్న దీవి ఇవ్వమన్నాను, నిజమే. ఆ తలుపుల సంగతి వినకముందు అన్నాను. విన్నాక కూడా అదే మాట పట్టుకు వేలాడితే నేను మనిషినే కాదు. నాలుగు నెలల దీవి మాకొద్దు. నా పేరు చెప్పి అసలే ఇవ్వొద్దు."

"అత్తా, ఇదేంటి?" అని నోరు వెళ్లబెట్టాడు బండన్న. "మనం అడగడానికి వచ్చింది ఇదే కదా! ఇస్తానంటుంటే వద్దంటావేంటి?"

"నీ లారీకి చక్రం బిగించేవాణ్ణి తొందరపెడతావా?"

బండన్న బుర్ర గోక్కున్నాడు. ఆ భారీ శరీరంలో ఆలోచన అటూ ఇటూ తిరుగుతున్నట్టు కనబడింది. "పెట్టను," అన్నాడు చివరికి. అని, కుర్చీలోంచి లేచి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. "అయితే నేనూ ఆగుతాను. రాసుకోండి!"

అతని వెనకే పళ్ల డాక్టరమ్మ వచ్చింది. జట్టువాళ్లు ఒకరిని చూసి ఒకరు లేచారు. అందరూ కాదు. "మీ అందరికీ పిచ్చి పట్టింది," అని కాలేజీ కుర్రాడు చేతులు కట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. అతనితో పాటు కూర్చున్నవాళ్లూ తక్కువమందేం కాదు. అయినా లేచి నిలబడినవాళ్లను చూసి యజమాని చిరునవ్వు ఒక పక్కకు జారింది.

"అమ్మా, పెద్దావిడా," అన్నాడు. గొంతులో నునుపు తగ్గింది. "కంపెనీ వ్యవహారాలు మీకు తెలియవు. మీరు కూర్చోండి."

"మీరు ఆవిడతో అలా మాట్లాడకండి సార్."

ఆ మాట అన్నది కూతురు. బల్ల చుట్టూ తిరిగి వేదిక ముందుకు వచ్చింది. ఎన్నాళ్ల నుంచో మోస్తున్నదేదో దించడానికి సిద్ధపడిన మనిషిలా ఉంది. చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచిపోయిందో, మరిచిపోలేదో.

"అమ్మా," అంది. "నువ్వు నిలబడింది చాలు. నీ మోకాలు నొప్పెడుతుంది, కూర్చో."

హాల్లో ఒక్కసారిగా కలకలం రేగింది. బండన్న వేదిక మీది పిల్లను చూశాడు, పక్కనున్న అత్తను చూశాడు, మళ్లీ పిల్లను చూశాడు. "అమ్మా? అమ్మ ఏంటి? అత్తా, ఈవిడ నీ..."

"నా కూతురు," అంది ఈత టీచరు. ఆ రెండు మాటలూ అనడానికి ఎన్నాళ్లు కాచుకుందో! తల ఎత్తి, అందరికీ వినబడేలా మళ్లీ అంది. "నా కూతురు."

"ఇదన్నమాట సంగతి! ఇంటిల్లిపాదీ కలిసి నాటకమాడారా?" అన్నాడు యజమాని. అతనికి ఊపిరి తిరిగినట్టయింది. "చూశారా అందరూ? తల్లి అడగడం, కూతురు చెప్పడం!"

గుసగుసలు మొదలయ్యాయి. లేచినవాళ్లలో ఒకరిద్దరు వెనక్కి తగ్గారు. కూతురు మాత్రం చలించలేదు.

"ఆవిడే గొడుగత్త అని ఇందాక మైకు దగ్గరికి వచ్చేదాకా నాకు తెలియదు. మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు. కాని ఒక్కటి వినండి. అమ్మ మనుషుల గురించి అడిగింది కాబట్టి చెబుతున్నాను. ఇంత చెప్పాక ఈ కుర్చీలో నేనుండనని కూడా నాకు తెలుసు." ఆమె హాలు వైపు తిరిగింది. "నేను రెండేళ్లు అడిగింది తలుపుల కోసం మాత్రమే కాదు. ఈయన నాలుగు నెలలు అంటున్నది మీ కోసం అసలే కాదు. నాలుగు నెలల్లో వచ్చే ఆ దీవి తర్వాత ఇంకో దీవి ఉండదు. దీవుల లోకమే ఉండదు. ఎందుకో మీరు చెబుతారా సార్, నన్ను చెప్పమంటారా?"

యజమాని చెయ్యి బల్ల కిందికి, మైకుల మీట వైపు పోయింది.

ఈత టీచరు కూర్చోలేదు. బండన్న భుజం ఊతగా పట్టుకుని, వేదిక మెట్టు మీద కాలు పెట్టింది.

"చెప్పమ్మా," అంది. "మైకు పోతే పోనీ. నీ గొంతు నా గొంతే."